ఫ్యామిలీ రూము

దుర్గ తెర పక్కకు జరిపి మళ్ళీ బయటికి చూసింది.

డేవిడ్ రాజు జాడ లేదు.

నూజివీడు బస్టాండు ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో, మూలన తెర కట్టిన చిన్న గది అది. ఫ్యామిలీ రూము అంటారు. ఆ తెర ఎత్తి చూడటం మర్యాద కాదని ఊళ్ళో తాగుబోతులకు కూడా తెలుసు. అందుకే డేవిడ్ రాజు అక్కడ కూర్చోమన్నాడు.

ఇంకో కారణం కూడా ఉంది. అరవయ్యో సంవత్సరం నాటి మాట ఇది. చాలా హోటళ్ళలో డేవిడ్ రాజు వాళ్ళకు గ్లాసు వేరు, కూర్చునే చోటు వేరు. ఇరానీ సాయిబు దగ్గర మాత్రం ఎవరికైనా అదే కప్పు, అదే కుర్చీ.

మధ్యాహ్నం బస్సుకి బెజవాడ చేరితే రేపు పెళ్ళి.

చేరకపోతే, ముసునూరులో దుర్గ బాబాయి కోటేశ్వరరావు ఉన్నాడు. ఆయనకో జీపుంది, జీపు నిండా మనుషులున్నారు. డేవిడ్ రాజును బతకనివ్వరు.

అటు రెడ్డిగూడెంలో డేవిడ్ రాజు తండ్రి. మామిడి తోటల కాపలాదారు. దుర్గ ఆయన్ని చూడలేదు కానీ, ఆయన అన్న మాట విన్నది. "ఆ పిల్ల జోలికెళ్తే వాళ్ళకంటే ముందు నేనే నిన్ను నరుకుతా" అన్నాడట కొడుకుతో. పుణ్యాత్ముడు!

తెర కదిలింది.

వచ్చింది డేవిడ్ రాజు కాదు. ఎవరో ముసలాయన. తలకు తువ్వాలు, మోకాళ్ళ దాకా పంచె, కాళ్ళకు చెప్పుల్లేవు.

"ఇక్కడ కూర్చోవచ్చా అమ్మగారూ?"

"ఇది ఆడవాళ్ళ గది. బయట బోలెడు కుర్చీలున్నాయి."

"తెలుసండి."

తెలిసీ కూర్చున్నాడు. అదీ కుర్చీ అంచున, ఎవరో వచ్చి లేపేస్తారన్నట్టు.

"లేస్తావా, కేకెయ్యమంటావా?"

"కేకేస్తే మీకే నష్టమండి. కాసేపు ఓర్చుకోండి."

దుర్గకు ఒళ్ళు మండిపోయింది. ఆడపిల్ల ఒంటరిగా కనిపిస్తే చాలు, కాటికి కాళ్ళు చాపినవాడికి కూడా సరసం పుట్టుకొస్తుంది.

ముసలాయన రెండు టీలు తెప్పించాడు. ఒక కప్పు ఆమె వైపు జరిపాడు. కొంచెం టీ సాసర్లోకి ఒలికింది.

"నాకొద్దు నీ టీ! నీ కూతురి వయసుంటుంది నాకు. సిగ్గు లేదూ? లేచి పో!"

ముసలాయన తల దించుకున్నాడు. లేవలేదు.

అంతలో గుమ్మంలో గొంతు వినిపించింది.

"సాయిబూ! ఒక పిల్ల ఒంటరిగా గాని ఇటొచ్చిందా?"

బాబాయి!

తెర నేల దాకా లేదు, మోకాలెత్తులోనే ఆగిపోయింది. దుర్గ చప్పున కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుంది.

"ఒంటరిగా ఎవరూ లేదండీ. లోపల బాప్, బేటీ ఉన్నారు" అన్నాడు సాయిబు.

అడుగులు తెర దగ్గరకే వస్తున్నాయి.

ముసలాయన టేబుల్ మీద ధబీమని చరిచాడు.

"తాగవే! ఏడ్చింది చాలు. మొగుడో మాటంటే పుట్టింటికి పరిగెత్తుకొస్తావా? మీ అత్తకి ఏం సమాధానం చెప్పాలే నేను? నోర్మూసుకుని బస్సెక్కు!"

అడుగులు ఆగాయి. తెర కింద బయటి నుంచి కనిపించేవి పగుళ్ళు బారిన ఆ ముసలి పాదాలే.

"ఇక్కడ కాదు. వాళ్ళ గొడవేదో వాళ్ళది. పదండ్రా, బస్సులు వెతకండి" అన్నాడు కోటేశ్వరరావు.

అడుగులు వెనక్కి మళ్ళాయి. దుర్గకు ఏడుపు తన్నుకొచ్చింది.

ముసలాయన గొంతు తగ్గించాడు.

"వంటింటి గుమ్మంలోంచి వెళ్ళండమ్మా. బెజవాడ బస్సు ఆ సందు చివరే మలుపు తిరుగుద్ది. జీపు చూసి, ఇటు రాలేక ఆ అబ్బాయి అందులోనే నక్కాడు."

"ఏ అబ్బాయి? నీకెలా తెలుసు?"

"ఎక్కేటప్పుడు చూశానండి."

"బస్సులు వెతుకుతారుగా!"

"వెతకరు. నేను చూసుకుంటా."

నమ్మాలో వద్దో దుర్గకు తేలలేదు. కానీ వేరే దారి లేదు. లేచింది.

"ఇందాక మిమ్మల్ని 'తాగవే' అన్నానండి. ఏమీ అనుకోకండి" అన్నాడు ముసలాయన.

ఆ తొందరలో దుర్గ బదులైనా చెప్పలేదు. వంటింట్లోంచి సందులో పడి ఒకటే పరుగు.

బస్సు మలుపు దగ్గర నెమ్మదించింది. వెనక సీట్లోంచి డేవిడ్ రాజు చెయ్యి చాచి ఆమెను పైకి లాగాడు. అతని ఒళ్ళంతా చెమట.

"ఎలా తప్పించుకున్నావ్?"

"ఎవరో ఒకాయన..." దుర్గ కిటికీ వైపు తిరిగింది.

బస్సు మలుపు తిరిగి హోటలు ముందుకే వచ్చింది. జీపు అక్కడే ఉంది. ముసలాయన కోటేశ్వరరావు ముందు చేతులు కట్టుకుని నిలబడి, విస్సన్నపేట రోడ్డు వైపు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు.

"నువ్వే చూపిద్దువుగాని ఎక్కు! అబద్ధమని తేలిందో, నీ అంతు చూస్తా" అన్న బాబాయి కేక బస్సులోకి వినిపించింది. ఇద్దరు మనుషులు ముసలాయన్ని రెక్కలు పట్టి జీపులోకి తోశారు.

జీపు విస్సన్నపేట వైపు తిరిగింది. బస్సు ఆగిరిపల్లి రోడ్డెక్కింది.

"అయ్యో! వాళ్ళు ఆయన్ని..." అంటూ దుర్గ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

కిటికీ అంచు మీదుగా జీపును ఒక్కసారి చూసి నక్కిన డేవిడ్ రాజు ఆమెను గబుక్కున వెనక్కి లాగి, పళ్ళు నూరుతూ అన్నాడు. "నీకేమైనా పిచ్చా? తల దించు! మనల్ని పట్టివ్వడానికి మీ వాళ్ళతో కలిసి జీపెక్కాడే, ఆయనే మా నాన్న."