తెర మీది నవ్వు ఎవరిది?

మార్చి 9, ఆదివారం. దుప్పట్లు ఉతికాను, బీరువా సర్దాను, కొత్త టీవీ గోడకు బిగించారు.

ఆయన వెంటనే మా పెళ్లి వీడియో పెట్టించారు. పాత టీవీలో ఆయన మొహం ఎప్పుడూ మసకే. పెళ్లినాడు మూతి ముడుచుకున్నారని నేను, నవ్వానని ఆయన ఇరవై నాలుగేళ్లుగా వాదించుకుంటున్నాం.

పెద్ద తెర మీద ఆయన నవ్వుతున్నారు.

“చూశావా? ఇన్నాళ్లూ నన్ను అన్యాయంగా ఆడిపోసుకున్నావు!”

టీవీ బిగించిన మెకానిక్ తల గోక్కున్నాడు. “పాత వీడియోలో బొమ్మను కట్టే చుక్కలు, అదే పిక్సెల్స్, తక్కువండీ. ఈ తెరకేమో బోలెడు కావాలి. లేనివాటిని పక్క చుక్కల్ని చూసి టీవీయే ఊహించి నింపేస్తుంది.”

“ఈయన పక్కనున్నది నేనేగా! నా నవ్వే తీసి ఈయన మొహాన అతికించింది,” అన్నాను.

ఆయనకు కోపం రాబోయి నవ్వొచ్చింది. పెదవి ఎడమ చివర మాత్రమే పైకి లేచే నవ్వు. తెర మీదా అచ్చం అదే. టీవీ ఎంత వెతికినా ఆ నవ్వు నా మొహంలో దొరకదు. నేను నవ్వితే పళ్లన్నీ కనిపిస్తాయి.

అడక్కుండానే ఆయనకు రెండో కాఫీ ఇచ్చాను. ఇరవై నాలుగేళ్లుగా వేసిన నింద తాలూకు బాకీ చెల్లు.