ఏ సెక్షను కింద?

బోనులో ఉన్న మనిషి వైపు చూడొద్దని లాయరు ముందే చెప్పాడు.

"చూశారంటే గొంతు పూడుకుపోతుందమ్మా. జడ్జిగారినే చూస్తూ చెప్పండి. అడిగినదానికే జవాబివ్వండి."

బొత్తాలామె తలూపింది. దర్జీ దుకాణంలో చొక్కాలకు బొత్తాలు కుట్టే పని ఆమెది. పొరుగుదేశం నుంచి కట్టుబట్టలతో వచ్చిపడింది. అసలు పేరు పలకడానికి ఇక్కడెవరికీ నోరు తిరగదు. దాంతో అందరికీ బొత్తాలామె అయిపోయింది. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. ఊరే పోయాక పేరు మీద బెంగేమిటి?

కోర్టు హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో, భర్త పోయిన సంతాపంలో నల్ల బట్టలు వేసుకున్న పెద్దావిడ ఒకామె రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. బంట్రోతు ఆవిడకు అడగకుండానే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. బొత్తాలామెను మాత్రం "జరుగు, జరుగు" అన్నాడు.

అననీ. ఇన్నాళ్ళకు ఒక న్యాయస్థానం తన ఊరి సంగతి వినబోతోంది. అదే పదివేలనుకుంది.

లాయరు లేచాడు. "మీ ఊళ్ళో ఏం జరిగిందో చెప్పండమ్మా."

"ఒక్కరోజులో జరిగింది కాదు బాబూ. ముందు మా బడి మూశారు. దుకాణాల బోర్డుల మీద మా అక్షరాలకు సున్నం కొట్టారు. తర్వాత చిన్నపిల్లల్ని బండ్లెక్కించి తీసుకుపోయి, ఎవరెవరి ఇళ్ళకో పంచేసి, పేర్లు మార్చేశారు. నా కూతురు అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటోంది. అదిప్పుడు ఏ పేరు పెట్టి పిలిస్తే పలుకుతోందో నాకు తెలీదు. ఆ పైన మగాళ్ళందర్నీ వంతెన దగ్గరికి రమ్మన్నారు. పని ఇస్తామన్నారు. మా ఆయన గడ్డం గీసుకుని మరీ వెళ్ళాడు."

"ఆ హుకుం ఎవరిచ్చారు?"

"గవర్నరు. ఆయన సంతకంతోటే గోడలకి అంటించారు."

"మీ ఇంట్లో ఎంతమంది మిగిలారు?"

"ఇద్దరం."

"మీ వీధిలో?"

"ఆ ఇద్దరమే."

అవతలి లాయరు లేచి గౌను సర్దుకున్నాడు. మర్యాదస్థుడు. గొంతు కూడా మెత్తన.

"వంతెన దగ్గర తుపాకులు పేల్చింది ఎవరమ్మా?"

"సిపాయిలు."

"గవర్నరుగారు పేల్చారా?"

"లేదు. ఆయన పక్క బంగళా వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. కప్పు ఖాళీ అయితే ఇంకోటి తెమ్మని చెయ్యూపాడు."

"అంటే తన చేత్తో ఆయన ఒక్కరి ప్రాణమూ తీయలేదు."

బొత్తాలామె ఆలోచించింది. అబద్ధం ఆడటానికి మనసొప్పలేదు.

"తీయలేదు."

"చాలు." ఆయన జడ్జి వైపు తిరిగాడు. "అసలు ఇదంతా ఈ కేసుకు సంబంధం లేని గొడవండీ. ఒక ప్రభుత్వం తన గడ్డ మీద తన ప్రజల్ని ఏం చేసుకుందో అడగడానికి మనమెవరం? ఎవరి పెరట్లో చెట్లు వాళ్ళు కొట్టుకుంటే పక్కింటివాడు కేసు పెడతాడా?"

"చెట్లా!" ఇవతలి లాయరు బల్ల గుద్దాడు. "పన్నెండు వేల మందండీ!"

జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు. ఆమె చెబుతున్నంతసేపూ కలం కింద పెట్టేసి విన్నాడు.

"నాకూ మనసుందయ్యా. కానీ మీరు చెబుతున్న నేరం ఏ సెక్షను కిందికి వస్తుంది? చూపించండి."

లాయరు చేతిలో లావుపాటి చట్టం పుస్తకం ఉంది. దాన్ని తెరవనైనా లేదు.

"ఏ సెక్షనూ లేదండి. మనిషిని చంపితే హత్య అన్నారు. ఒక జాతి జాతినే భూమ్మీద లేకుండా చేస్తే దాన్నేమనాలో ఏ దేశం చట్టంలోనూ రాయలేదు. ఆ నేరానికి ఇంకా పేరే పెట్టలేదండి."

"పేరు లేని నేరానికి నేనేం చేయను? నా ముందున్నది ఒకే ఒక్క హత్య. దాని గురించే మాట్లాడండి. ఊరి గురించి సాక్షి చెప్పినదంతా రికార్డులోంచి కొట్టేయండి."

గుమాస్తా ఎర్రసిరా కలం తీశాడు. బడి పోయింది. బోర్డులు పోయాయి. పిల్లల బండ్లు పోయాయి. గడ్డం గీసుకుని పనికి బయల్దేరిన మనిషి కూడా ఆ గీత కిందే పోయాడు.

"అయ్యా, మళ్ళీ చెప్పమంటారా?" అంది బొత్తాలామె.

ఇక దిగమని బంట్రోతు సైగ చేశాడు.

సాయంత్రానికల్లా తీర్పు వచ్చింది. హత్య రుజువైందన్నాడు జడ్జి. ప్రాణం ఎవరిదైనా ప్రాణమేనన్నాడు. చంపినవాడి వెనక ఎంత కథ ఉన్నా చట్టానికి అక్కర్లేదన్నాడు. ఉరిశిక్ష వేశాడు.

హాల్లో చప్పట్లు మోగాయి. నల్ల బట్టల ఆవిడ రుమాల్లో ముఖం దాచుకుంది. పత్రికలవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ బయటికి పరుగెత్తారు. న్యాయం గెలిచిందని ఎవరో గట్టిగా అరిచారు.

బొత్తాలామె జనాన్ని తోసుకుంటూ బోను దగ్గరికి వెళ్ళింది.

పదవి దిగాక ఈ నగరానికే వచ్చి దర్జాగా షికార్లు చేస్తున్న గవర్నరును పట్టపగలు నడివీధిలో కాల్చి చంపిన ఆమె తమ్ముడు, చేతులకు బేడీలతో పోలీసుల మధ్య నడిచి వెళ్తూ, "వస్తానక్కా" అన్నాడు.