మంచం కింద పెట్టె

"తొయ్యి, ఇంకాస్త లోపలికి తొయ్యి!"

"తోస్తూనే ఉన్నానండీ. పట్టి చావట్లేదు!"

అట్టపెట్టె మంచం కింద సగం దూరి అక్కడ మొండికేసింది. దాని నిండా నవ్వుతున్న పిల్లల బొమ్మలు. 'ఇంట్లోనే కిండర్‌గార్టెన్, ఏడాది పాఠాలన్నీ ఒకే పెట్టెలో' అని నాలుగు పక్కలా ఇంతింత అక్షరాలతో అచ్చేశారు మహానుభావులు. పాప వాళ్ళమ్మ నేలమీద కూలబడి, కాళ్ళతో తన్ని, ఎలాగోలా దాన్ని లోపలికి నెట్టి దుప్పటి అంచు కిందికి లాగింది.

"అక్షరాల అట్టముక్కలు?" అన్నాడు భర్త.

"వంటింట్లో, డబ్బాల వెనకాల."

"గోడమీద చార్టు?"

"పీకేశాను."

"లెక్కలు చెప్పే పూసలు?"

"అమ్మో!"

ఇద్దరూ హాల్లోకి పరిగెత్తారు.

వెనకవీధిలో ఉండే కళ్ళద్దాలావిడ నిన్న ఫోన్ చేసింది. "మీ పాపని ఒకసారి చూడాలి. ఇంటికే వస్తాను. నాలుగు మాటలు మాట్లాడితే పిల్ల సంగతి నాకే తెలిసిపోతుంది" అంది. కాదనడానికి లేదు. ఈ చుట్టుపక్కల ఇళ్ళల్లో ఆవిడ మాటంటే మాటే. పాప బడికి వెళ్ళడం లేదనీ, ఇంట్లో కూర్చుని పెట్టెతో చదువుకుంటోందనీ ఆవిడకి తెలిస్తే ఊరంతా తెలిసినట్టే. నోళ్ళు మూయించాలంటే పాప మర్నాడే మళ్ళీ బడి మెట్లెక్కాలి.

ఆ మెట్లు పాప ఒక్క నెల ఎక్కింది. నెల తిరిగేసరికి తిండి మానేసింది. నిద్రలో ఉలిక్కిపడి లేచేది. బడి మాటెత్తితే చెవులు మూసుకునేది. ఇరుకు గదిలో కుక్కిన పిల్లలూ, గొంతు చించుకునే టీచర్లూ, ఏడ్చినవాళ్ళని తలుపు బయట నిలబెట్టడమూ, అక్కడ ఏం జరుగుతుందో పాప వాళ్ళమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే గుట్టుచప్పుడు కాకుండా మాన్పించింది. అడిగినవాళ్ళకి 'వేరే సెక్షన్' అని సర్దిచెప్పి, పెట్టె తెప్పించి అత్తగారి చేతిలో పెట్టింది.

అత్తగారు పాఠం చెప్పే తీరే వేరు. పెట్టెతో వచ్చిన పెద్దల పుస్తకంలో ఏముంటే అది పొల్లుపోకుండా పైకి చదివేస్తుంది. "ఇది ఏ ఆకారమో అడగండి. బిడ్డ జవాబు కోసం ఆగండి. ఇప్పుడు బిడ్డను మెచ్చుకోండి" అని పెద్దలకిచ్చిన సూచనలూ కలిపే. మధ్యమధ్యలో ఓ కునుకు. అయినా సరే, పాప చదవడం నేర్చుకుంది. నవ్వడం కూడా మళ్ళీ నేర్చుకుంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా తల్లికి ప్రాణం లేచొచ్చేది.

ఇప్పుడు యూనిఫాం తొడుగుతుంటే పాప కొయ్యలా బిగుసుకుపోయింది.

"బడికా అమ్మా?"

"కాదురా బంగారం. ఆవిడ వెళ్ళేదాకా ఊరికే వేసుకో."

"ఒట్టు?"

"ఒట్టు."

బెల్ మోగింది.

కళ్ళద్దాలావిడ గది నాలుగు మూలలూ తీరిగ్గా చూసి సోఫాలో కూర్చుంది. సోఫా కింద నుంచి ఎర్రపూస ఒకటి దొర్లుకుంటూ బయటికొచ్చింది. భర్త చటుక్కున దానిమీద కాలేశాడు. ఇక అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు.

"రా పాపా. ఇదేంటో చెప్పు?" ఆవిడ చీటీ మీద ఒక బొమ్మ గీసింది.

"త్రిభుజం."

"మరి కింద నేను రాసింది?"

"'పిల్లి పాలు తాగింది.'" పాప టకటకా చదివేసి ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆవిడ చీటీ మడతపెట్టసాగింది. చివరికి పాపే అంది, "ఇప్పుడు బిడ్డను మెచ్చుకోండి."

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "ఏమందీ?"

"మెచ్చుకోమంటోందండీ. అన్నీ నా పోలికలే, మొహమాటం లేదు" అంది అత్తగారు గబగబా.

ఆవిడ నవ్వింది. తల్లి మాత్రం నవ్వలేకపోయింది.

"మీ టీచర్ కొడుతుందా పాపా?"

"ఊహూ."

"అరుస్తుందా?"

"అరవదు. పాఠం మధ్యలో నిద్రపోతుంది. గురక కూడా పెడుతుంది."

అత్తగారికి పొలమారింది. భర్త కాలు కదపకుండానే ముందుకి వంగాడు. "నిన్న చెప్పిన కథలో ముసలమ్మండీ! ఏది కథో ఏది నిజమో తెలిసే వయసా?"

ఆవిడ అతని వంక చూడలేదు. పాపనే చూస్తోంది. చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పాలి. పొద్దున్నే పుస్తకం తియ్యాలంటే భయమేస్తుందా?"

పాప ఆలోచించింది. ఒంటిమీది యూనిఫాం చూసుకుంది. తల్లిని చూసింది.

"ఇప్పుడు వెయ్యదు" అంది.

తల్లి కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. కళ్ళద్దాలావిడ వెనక్కి వాలి ఊపిరి వదిలింది. "చాలమ్మా. ఈ మాట కోసమే వచ్చాను. గోడల రంగులూ ఆటవస్తువులూ ఎవరైనా చూపిస్తారు. నేను పిల్లని చూస్తాను."

అందరికీ పోయిన ప్రాణం తిరిగొచ్చింది. భర్త పూసమీది కాలు మార్చుకున్నాడు. ఆవిడ సంచిలోంచి ఒక ఫోటో తీసి పాప వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. రెండు జడలతో, సగం మొహం ఎవరి చీర వెనకాలో దాచుకుని ఓ పిల్ల.

"మా మనవరాలు. మీ పాప ఈడుదే. వట్టి బెదురు. ఎవరైనా కసిరారంటే రెండ్రోజులు నోరు విప్పదు."

తల్లి ఫోటోవైపు చూస్తూ ఉండిపోయింది. 'ఇంట్లోనే ఉంచుకోండి, పెట్టె నేనిస్తాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. భర్త కళ్ళతోనే వద్దన్నాడు. ఆమె ఒకసారి తన పాప మొహం చూసుకుని ఆ మాట మింగేసింది.

కళ్ళద్దాలావిడ లేచి, ఆమె రెండు చేతులూ ఆప్యాయంగా పట్టుకుంది.

"సోమవారం నుంచి దీన్ని మీ బడికే పంపిస్తాను, ప్రిన్సిపాల్ గారూ!"