పడవకొక్క మనిషి

పడవలు తమంతట తామే దారి చూసుకోవడం మొదలయ్యాక భీమిలి రేవులో పడవకొక్క మనిషే వేటకు వెళ్తున్నాడు. పోలరాజూ అలాగే ఒంటరిగా నడిసముద్రానికి వెళ్ళాడు. నాలుగోనాటి పొద్దున పడవ ఒక్కటే తిరిగివచ్చింది. ఐసులో చేపలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

అతని భార్య నూకరత్నం గొడ్డలి పట్టుకుని పడవెక్కింది.

“నా మనిషిని నీళ్ళల్లో ఒగ్గేసి ఎలాగొచ్చేసినావే?”

“ఆయన జారిపడగానే ఆగి, దగ్గరికి వెళ్ళానమ్మా. నా అంచు పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకునే ఉన్నారు. పైకి లాగడానికి నాకు చేతులు లేవు,” అంది పడవ.

నూకరత్నం గొడ్డలి కింద పెట్టేసింది.

“ఎక్కడట్టుకున్నాడు?”

“ఎడమవైపు, చివర.”

ఆమె వెళ్ళి, ఆ అంచును రెండు చేతులా పట్టుకుని, పొద్దెక్కేదాకా ఏడుస్తూ కూర్చుంది.