పది నిమిషాల పని

"అయిపోయిందమ్మా, ఇంకో పది నిమిషాలు!" అన్నాడు మెకానిక్. వచ్చినప్పటి నుంచీ అదే మాట.

బజారులో అందరూ అతన్ని 'పదినిమిషాలు' అనే పిలుస్తారు. కంప్యూటర్ కాలిపోయినా, నీళ్ళలో పడినా, లోపల చీమలు కాపురం పెట్టినా అతను చెప్పే గడువు అదొక్కటే. కుట్టుపని చేసుకునే ఈ ఆవిడ కంప్యూటర్‌ని మాత్రం వారం రోజులు కొట్లో పెట్టుకున్నాడు. ఆ వారమూ ఆవిడ కొట్టు చుట్టూ తిరిగి అతని ప్రాణం తోడేసింది. చివరికి కొత్త హార్డ్ డిస్క్ వేసి, ఇవాళ మధ్యాహ్నం తనే ఆవిడ ఇంటికి మోసుకొచ్చాడు.

పాత ఫోటోలు పోయాయా, ఖాతాదారుల కొలతలు పోయాయా అని ఆవిడ అడగనే లేదు. ఒక డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది.

"ఈ ఆట ఎక్కించండి అన్నగారూ. సాయంత్రానికల్లా సిద్ధంగా ఉండాలి."

కార్ల పందెం ఆట. డబ్బా అంచులు అరిగిపోయాయి.

"ఎవరాడతారమ్మా?"

"నేనే."

అతను ఆవిడ వంక చూశాడు. మెడలో కొలతల టేపు, వేళ్ళకి సుద్దపొడి. మౌస్‌ని కరిచే కుక్కని ముట్టుకున్నట్టు ముట్టుకుంటోంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని పనిలో పడ్డాడు.

మొదలుపెట్టాక గానీ తెలియలేదు, ఎక్కేది ఆట కాదు, తన రక్తపోటని.

డబ్బాలోని డిస్క్ పెడితే, డిస్క్ లేదంది కంప్యూటర్. తీసి, తుడిచి పెడితే, ఇది అసలుది కాదంది. బుజ్జగించి మళ్ళీ పెడితే ఒప్పుకుంది గానీ, కోడ్ చెప్పమంది. డబ్బా వెనకున్న కాగితం మీద సగం అక్షరాలు చెరిగిపోయాయి. అతను కళ్ళద్దాలు తుడుచుకునే లోపే, ఆవిడ కుట్టుమిషన్ దగ్గర నుంచి తలెత్తకుండా ఆ పొడుగాటి కోడంతా గడగడా అప్పజెప్పేసింది.

కోడ్ సరేగానీ, ఇంటర్నెట్‌లో ఒకసారి సరిచూసుకోవాలంది. సరిచూడబోతే, ముందు కొత్త మార్పులు దించుకోమంది. దించుకుంటే, కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టమంది. ఆపి పెడితే, మళ్ళీ మొదటికొచ్చి డిస్క్ ఏదీ అంది.

"డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళని దొంగల్లా చూడ్డమేంటమ్మా!" పళ్ళు నూరాడు మెకానిక్. "అసలు దొంగలు ఈపాటికి హాయిగా ఆడేసుకుంటూ ఉంటారు."

ఆవిడ నవ్వలేదు. మధ్యాహ్నం నుంచీ ఒకే చొక్కా చేతిని కుడుతోంది, విప్పుతోంది, మళ్ళీ కుడుతోంది. కంప్యూటర్ ఏ చిన్న చప్పుడు చేసినా మిషన్ ఆగిపోతోంది.

"ఏమంటోంది? పైకి చదవండి."

అతను చదువుతాడు. "అది కాదు, అది కాదు," అని ఆవిడ తల అడ్డంగా ఊపుతుంది. మనిషి చూపంతా గోడ గడియారం మీదే ఉంది. ఇంకెంత సేపని అడిగి అడిగి చంపుతోంది.

బయట వీధి దీపాలు వెలిగాయి. ఇంట్లో తెర కూడా వెలిగింది. రయ్యిమని ఇంజన్ మోత, వెనకే ఎర్ర కారు.

"వచ్చేసిందమ్మా!" కుర్చీలోంచి గెంతినంత పని చేశాడు మెకానిక్.

ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"తెరుచుకుందా? ఏమీ అనకుండానే తెరుచుకుందా?"

"ఇంకేమంటుంది? ఇక మీదే ఆలస్యం. ఆడుకోండి."

"మూసెయ్యండి."

"అదేంటమ్మా!"

"మీకు దణ్ణం పెడతాను అన్నగారూ, ముందు మూసెయ్యండి. కాసేపాగి మళ్ళీ తెరుద్దాం."

వెర్రి ముదిరితే రోకలి తలకు చుట్టమందట. అలాగే ఉంది వ్యవహారం అనుకుంటూ మూశాడు. ఆవిడ కాలుకాలిన పిల్లిలా గదంతా తిరిగింది. కిటికీ తలుపు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. ఎంతకీ గడియారం ముల్లు కదలదు. కదలక కదలక కాస్త కదిలాక, "ఇప్పుడు," అంది.

తెరిచాడు. తెర మీద చక్రం తిరిగి, తిరిగి ఆగింది. ఈసారి కారు రాలేదు. ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"చదవండి!"

"'ఈ కోడ్‌తో ప్రస్తుతం వేరే కంప్యూటర్‌లో ఆట నడుస్తోంది. మీరు ఆడటానికి వీల్లేదు.'" మెకానిక్ తల పట్టుకున్నాడు. "చేతికందింది నోటికి అందకుండా చేశారు కదమ్మా! ఎవడో మీ కోడ్ వాడేసుకుంటున్నాడు. వాడి పని పడతానుండండి."

ఆవిడ వద్దనబోతూ కుర్చీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. అతను అప్పటికే కంపెనీకి ఫోన్ చేసేశాడు. ఒకటి నొక్కమన్నారు, మూడు నొక్కమన్నారు, కాసేపు సంగీతం వినిపించారు. చివరికి ఒకమ్మాయి పలికింది. స్పీకర్ పెట్టి, మధ్యాహ్నం నుంచీ పడ్డ పాట్లన్నీ ఏకరువు పెట్టాడు.

"అసలు డబ్బా మీ దగ్గరే ఉంది కాబట్టి ఆ రెండో కంప్యూటర్‌ని ఇప్పుడే తొలగించేస్తాం సార్. ఇక జన్మలో తెరుచుకోదు. డబ్బా ఉన్నవాళ్ళు ఒక్కసారి సరే అంటే చాలు."

"అనండమ్మా, పీడా విరగడైపోతుంది!" అంటూ మెకానిక్ గర్వంగా ఫోన్ ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ ఫోన్ లాక్కుని కట్ చేసేసింది. వచ్చి తెర ముందు కూర్చుంది. ఆ ఎర్ర అక్షరాల మీద అరచెయ్యి ఆనించింది. కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది.

"ఉండనివ్వండి అన్నగారూ, నాతో దెబ్బలాడి ఇల్లొదిలిపోయిన మా తమ్ముడు ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాడని రోజూ ఈ వేళకి నాకు తెలిసేది ఈ ఒక్క ముక్కతోనే."