వంకర కుట్టు

రసీదు దొరికితే ఇనాయతుల్లా ఇంటికి పోతాడు. దొరక్కపోతే దుకాణం అద్దె బాకీ తీరేదాకా, ఇంకో రెండేళ్ళు, జిద్దాలోనే.

షరఫియా పేటలో అతని టైలరు దుకాణం మూసి తొమ్మిది నెలలైంది. ఆరు నెలల అద్దె ఒక్కసారే కట్టి, తాళంచెవి ఇచ్చేశాడు. భవనం యజమాని తరఫు మనిషి నీలం కాగితం మీద ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడు. ఆ తర్వాత ఆ మనిషి యెమెన్ వెళ్ళిపోయాడు. రసీదూ కనబడకుండా పోయింది.

ఇంటికి పోయే ఎగ్జిట్ వీసా కోసం తిరుగుతుంటే అద్దె తగాదాల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఆరు నెలల అద్దె బాకీ. పదిహేను రోజుల్లో కట్టాలి. దుకాణం వీసా ఇచ్చిన సౌదీ కఫీల్ పేరున ఉన్నా అద్దెకు పూచీ సంతకం ఇనాయతుల్లాది. లెక్క తేలేదాకా దేశం దాటడానికి లేదు.

అభ్యంతరం రాసిచ్చాడు. ప్రతి వాయిదాకీ ఆఫీసు గుమాస్తాది ఒకటే మాట. "రసీదు తే. నిమిషంలో బాకీ కొట్టేస్తాం."

రేపు శనివారం చివరి వాయిదా.

శుక్రవారం కాబట్టి మధ్యాహ్నం మహబూబ్బీ వచ్చింది. అతని తల్లి. ఇరవై రెండేళ్ళుగా ఇదే ఊళ్ళో ఒక సౌదీ ఇంట వంట చేస్తోంది. పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంటుంది. కొడుకు ఇక్కడే ఉన్నాడని వారానికి నాలుగు గంటలు వదులుతుంది ఆ మేడమ్.

రాగానే ఎప్పటిలాగే వెతకడం మొదలుపెట్టింది. మంచం కింద ట్రంకు లాగింది. కొలతల పుస్తకం పేజీ పేజీ తిప్పింది.

"చాల్లే అమ్మా. ఖాళీ చేసిన దినం దుకాణమంతా ఊడ్చింది నువ్వే గదా. నీకు కనబడంది ఇప్పుడు కనబడతాదా?"

ఆమె పుస్తకం మూసింది. తెచ్చిన ఉగ్గాని గిన్నె తెరిచింది. వడ్డిస్తుంటే రవిక చెయ్యి పైకి జరిగి, జబ్బకు కట్టిన నల్లగుడ్డ తావీజు బయటపడింది.

"ఇదెప్పుడు కట్టుకున్నావు? ఇక్కడోళ్ళు చూస్తే తెంపి పారేస్తారు."

"శానా దినాలాయలే."

"దేనికి?"

"నువ్వు నా కండ్ల ముందర ఉండాలని."

"అయితే గట్టిదే. బాగా పనిచేస్తాండాది." నవ్వాడు. దర్జీ కళ్ళు, ఊరుకోలేదు. "ఏ మౌల్వీ కుట్టినాడో గానీ కుట్టంతా వంకర. నాకాడికి పంపు, నేర్పిస్తా."

"ఆయనకు చూపు ఆనదు నాయనా."

తింటూ అన్నాడు. "నిన్న రాయచోటికి ఫోన్ చేసినా. నీ మనమరాలు నన్ను 'ఫోన్ నాయన' అంటాండాది. నాయనంటే ఫోన్లోనే కాపరముంటాడనుకుంటాదేమో."

అతను బయల్దేరాక పుట్టిన పిల్ల. ఇంతవరకు చూడలేదు. నవ్విద్దామనే చెప్పాడు. మహబూబ్బీ చేతిలో గరిటె ఆగిపోయింది.

"నిన్ను మూడేండ్లోణ్ణి విడిచొచ్చినా," అంది. "రెండేండ్లకు సెలవు మీద వస్తే మీ పిన్నమ్మ కొంగెనక దాక్కున్నావు. ఈ పెట్టె తెచ్చినామె ఎప్పుడు పోతాదని అడిగినావు."

"ఊరుకోమ్మా. అప్పుడు నాకేం తెలుసు."

"ఈ పిల్లకూ తెలీదు గదా."

కింద డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె లేచి అబాయా తీసుకుంది. వేసుకోబోతూ ఆగి, జబ్బ మీది దారం పళ్ళతో కొరికి తెంపింది. తావీజు అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"రేపు ఆఫీసుకు పొయ్యే ముందర విప్పు."

"తావీజు విప్పగూడదని చెప్పింది నువ్వే గదా."

"ఇది విప్పొచ్చు."

గుమ్మం దగ్గర మళ్ళీ తిరిగింది.

"విమానం కాడికి నేను రాలేను నాయనా. మేడమ్ వదలదు."

అమ్మ నమ్మకం అమ్మది, అనుకున్నాడు. ఆమె చెప్పుల చప్పుడు మెట్ల మీద దిగిపోయింది. కారు కదిలింది.

రేపటిదాకా ఆగలేక, కత్తెర మొనతో ఆ వంకర కుట్టు ఒక్కొక్కటే తెంపి చూస్తే లోపల దువా రాసిన చీటీ లేదు, ఎనిమిది మడతలు పెట్టిన నీలం రసీదు ఉంది.