నూడుల్స్‌లో ఉప్పు

డాక్టరుగారికి, గుండెజబ్బుకు మీ మందు వాడుతున్న ముసలాయన భార్యను, డెబ్బై దాటినదాన్ని, అక్షరం రానిదాన్ని, కోడలి మీద చెప్పి రాయిస్తున్న ఫిర్యాదు.

మీరు ఉప్పు వద్దన్నారు. ఆయనకేమో సన్న గోధుమ నూడుల్స్ తప్ప ఏదీ గొంతు దిగదు. కోడలు వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది. “పిండిలోనే ఉప్పు కలుపుతారత్తయ్యా, మామయ్య ప్రాణం మీదికి తేకండి” అంటుంది.

“నాకు వంట నేర్పుతావటే? ఉడికించి, నీళ్లు వార్చేసి, చన్నీళ్లతో కడిగితే ఉప్పు చాలావరకు పోదూ? పైన ఆకుకూర, గుడ్డు వేస్తాను. చిటికెడు ఉప్పు కూడా వెయ్యను” అన్నాను. వినదు. ఆయన నిన్నటి నుంచి పస్తు. పెట్టొచ్చా, కూడదా? ఇవాళే చెప్పండి.

ఇది నా వేలిముద్ర.

సాక్షి, రాసినది: ఆ కోడలినే. తిట్లతో సహా రాశాను. తొందరగా చెప్పండి డాక్టరుగారూ, మామయ్యతోపాటు అత్తయ్య కూడా పస్తే ఉన్నారు. ఆ మాట మాత్రం రాయొద్దన్నారు.